బస్తాలో చెయ్యి పెట్టి చూసినాకే పాట

(హనుమకొండలో తన నిశ్చల వస్తు చిత్రాల వేలానికి ముందురోజు సాయంత్రం ఒక తైలవర్ణ చిత్రకారుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

రేపు ఉదయం పది గంటలకు ఇదే హాలులో నా 14 తైలవర్ణ చిత్రాలను వేలం వేస్తున్నాము. వాటిలో దేవుడు లేడు, రాజు లేడు, కోట లేదు, నెత్తిన బిందె పెట్టుకున్న అమ్మాయి కూడా లేదు. మిరపకాయలు, ఇత్తడి చెంబులు, సీతాఫలాలు, నీళ్ల రంజన్లు, ఒకదానిలో సగం కోసిన సొరకాయ ఉన్నాయి. ఇటువంటి బొమ్మలను మన ఊళ్లో వేలానికి పెట్టడమేమిటని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు కాబట్టి, పాట మొదలయ్యాక వివరాలు చెప్పే వ్యవధి ఉండదు కాబట్టి, మిమ్మల్ని ఒక రోజు ముందుగా పిలిచాను.

వేలం మనకు కొత్త కాదు. చిట్టీ పాట తెలియని వీధి వరంగల్‌లో లేదు. ఊరి చెరువులో చేపలకు, చింతచెట్ల కాపుకు, వినాయకుడి చేతిలోని లడ్డూకు పాట పెట్టుకుంటాము. హైదరాబాదు పక్కన బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ పాట ఇప్పుడు లక్షల్లోకి వెళ్లిన సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ధర చెప్పడాన్ని ‘పాడటం’ అనే భాష మనది. అయితే బొమ్మను పాటకు పెట్టడం మాత్రం మనకు అలవాటు లేదు, దానికి ఒక కారణం ఉంది.

మన ప్రాంతంలో చిత్రం పుట్టకముందే దానికి గిరాకీ ఉండేది. చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డ మీద కథల పటం వేశారంటే, ఏదో ఒక కులానికి ఆ కులపురాణం చెప్పే కథకులు వచ్చి వేయమని అడిగినందువల్లనే వేశారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇట్లా ప్రతి పటానికీ ఒక కథ ఉండేది, ఆ కథను మోసుకొని తిరిగే మనిషి ఉండేవాడు, వినడానికి ఊరు ఉండేది. కొనేవాడెవడన్న ప్రశ్న కుంచె పట్టేవాడికి ఎదురయ్యేది కాదు. నేను వేసే ఇత్తడి చెంబుకు కథ లేదు, దాన్ని వెయ్యమని ఎవరూ నన్ను అడగలేదు. అడగకుండా తయారైన వస్తువు తన మనిషిని తానే వెతుక్కోవాలి. అందుకే సంతలో నిలబడక తప్పలేదు.

సంత అంటే నాకు తెలిసిన సంత మిర్చిదే. మాది పరకాల వైపు ఒక పల్లె. నేను చదువుకునే రోజుల్లో మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చాయంటే మా బాపుతో కలిసి బస్తాల మీద కూర్చొని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చేవాణ్ని. తెల్లవారేసరికి యార్డంతా ఎర్రబారి ఉండేది, ఘాటుకు తుమ్ములు ఆగేవి కావు. కాసేపటికి ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర జెండా పాతేవారు, వ్యాపారులందరూ దాని చుట్టూ మూగి పాడేవారు. జెండా పాటలో పలికిన ధరే ఆ రోజుకు పై ధర. ఆ తర్వాత వ్యాపారులు ఒక్కొక్క రాశి దగ్గరికి వచ్చి, బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న కాయను పైకి తీసేవారు. తొడిమె చూసి, కాయ విరిచి, చెవి దగ్గర పెట్టుకొని గింజల చప్పుడు విని, తేమ ఎంత ఉందో రంగు ఎంత ఉందో అంచనా కట్టి, అప్పుడు ధర చెప్పేవారు. పైన ఎర్రని కాయ పేర్చి అడుగున తాలు నింపినవాడి మోసం అక్కడ ఒక్క నిమిషం కూడా నిలిచేది కాదు. బొమ్మలు అమ్మడం గురించి నాకు ఈరోజు తెలిసినదాంట్లో ముప్పాతిక భాగం ఆ దృశ్యంలోనే ఉంది. అది అక్కడ ఉందని తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా ఏండ్లు పట్టింది.

ముందుగా జెండా పాట గురించి చెబుతాను, ఎందుకంటే నన్ను కలిసిన ప్రతివారూ దానినే అడుగుతున్నారు. 2025 మార్చిలో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ 1954లో వేసిన ‘గ్రామ యాత్ర’ సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. 1987లో వాన్‌గో పొద్దుతిరుగుడు పూల చిత్రం లండన్‌లో సుమారు రెండు కోట్ల నలభై ఏడు లక్షల పౌండ్లకు పోయింది. అది కూడా కూజాలో పెట్టిన పూలే కదా, అంటే నిశ్చల వస్తు చిత్రమే కదా అని, కాబట్టి మీ సీతాఫలాలకు కూడా మంచి రోజులు వస్తాయని నాకు ధైర్యం చెప్పేవారు ఉన్నారు. వారి అభిమానానికి కృతజ్ఞుణ్ని. కానీ అవి జెండా పాటలు. ఆ ధర జెండా కింద ఉన్న రాశికే వర్తిస్తుంది గాని, పక్క రాశిలో ఉన్న నా బస్తాకు వర్తించదు. పైగా వార్తల్లో మనం చదివే అటువంటి ధరల్లో, పాట ఆగిన అంకె మీద వేలం సంస్థ కొన్నవారి నుండి అదనంగా తీసుకునే రుసుము కూడా సాధారణంగా కలిసి ఉంటుంది, ఆ రుసుము నూటికి ఇరవై రూపాయలు దాటడం మామూలే. వాన్‌గో 1890లోనే చనిపోయాడు, ఆ కోట్లలో ఒక్క పౌండు కూడా ఆయన చేతికి రాలేదు. అందువల్ల రేపు పాట పాడేవారెవరూ ఇది భూమి లాగా పెరుగుతుందన్న ఆశతో చెయ్యి ఎత్తవద్దని మనవి. పెరగవచ్చు, పెరగకపోవచ్చు. గోడ మీద దాన్ని చూస్తూ గడపగలమనుకుంటేనే పాడండి.

ఇక సరుకు విషయం. ఈ రకపు చిత్రాలను యూరపులో పండితులు చాలాకాలం చిన్నచూపు చూశారు. 1667లో ఆంద్రే ఫెలిబియాన్ అనే ఫ్రెంచి విమర్శకుడు చిత్రాలకు మెట్లు కట్టి, పురాణ చరిత్ర ఘట్టాలు వేసేవాణ్ని పై మెట్టు మీద, పండ్లు పూలు వేసేవాణ్ని అడుగు మెట్టు మీద నిలబెట్టాడు. అరవై ఏండ్లు గడిచాక, 1728లో, షార్దాఁ అనే చిత్రకారుణ్ని అదే దేశపు అకాడమీ జంతువులు, పండ్లు వేసేవాడిగానే సభ్యుణ్ని చేసుకుంది. ఆయన వేసిన రాగి గిన్నెల ముందు ఆనాటి యుద్ధ ఘట్టాలు ఈరోజు వెలవెలబోతాయని నా అభిప్రాయం. హాలెండ్‌లో మాత్రం కథ వేరు. అక్కడ 17వ శతాబ్దంలో రాజాస్థానం మీద ఆధారపడకుండా వర్తకులు, చేతిపనుల వారు కూడా బొమ్మలు కొని ఇళ్లలో పెట్టుకున్నారు, బొమ్మలు సంతల్లో, లాటరీల్లో, వేలాల్లో చేతులు మారాయి. రొట్టె, నిమ్మకాయ, వెండి గిన్నె వేసే చిత్రకారులు అంతమంది అక్కడ బతికారంటే ఆ సంతే కారణం. ఆ సంతకు ఇంకో ముఖం కూడా ఉందని ఒప్పుకోవాలి. అక్కడి చిత్రకారుడు రెంబ్రాంట్ అప్పులపాలై 1656లో దివాలా తీసినప్పుడు, ఆయన ప్రేమగా సేకరించుకున్న వస్తువులన్నీ వేలంలోనే పోయాయి.

నేను ఒక చెంబును ఎంత కాలం వేస్తానో చెబితే మీరు నవ్వుతారు. పెంబర్తి ఇత్తడి చెంబును కిటికీ పక్కన పెట్టి కూర్చుంటే, మొదటి వారం దాని రంగు పసుపు అనుకుంటాము. రెండో వారానికి అందులో పసుపు చాలా తక్కువని తెలుస్తుంది. ముదురు మట్టి రంగు ఉంటుంది, కిటికీ బయటి వేపచెట్టు పచ్చదనం ఉంటుంది, పక్కన పెట్టిన మిరపకాయ ఎరుపు ఉంటుంది, మెడ దగ్గర వంకరగా సాగిన నా ముఖం కూడా ఉంటుంది. నిజమైన పసుపు నాలుగు చోట్ల, గోరంత మేరకే ఉంటుంది. సెజాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు తన చిత్రాలకు అంత సమయం తీసుకునేవాడు కాబట్టే, నిజమైన పూలు వాడిపోతాయని కాగితపు పూలు పెట్టుకొని వేసిన సందర్భాలున్నాయి. ఇటలీలో మొరాండీ అనే చిత్రకారుడు జీవితమంతా ఒకే గదిలో కొన్ని సీసాలను జరిపి పెడుతూ, వాటి మీద చేరిన దుమ్మును కూడా తుడవకుండా వేశాడు. నాకు అంతటి నిగ్రహం లేదు, దుమ్ము తుడవకపోతే మా ఇంట్లో ఒప్పుకోరు కూడా. తంగేడు పూలతో మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. బతుకమ్మ పేర్చే రోజు పొద్దున తెచ్చిన పువ్వు మధ్యాహ్నానికే రేకులు ముడుచుకుంటుంది. గునుగు మూడు రోజులైనా నిలబడుతుంది. అందుకని ఆ బొమ్మలో గునుగు స్థిమితంగా, తంగేడు తొందరగా ఉంటుంది. చూసేవారు అది గమనిస్తే నాకు సంతోషం.

తైలవర్ణం ఎండే తీరు కూడా వేలానికి సంబంధించిన విషయమే గనుక రెండు మాటలు చెప్పాలి. రంగుపొడిని అవిసె నూనెతో నూరితే తైలవర్ణం అవుతుంది. నీటి రంగులో నీరు ఆవిరైపోతే రంగు ఎండుతుంది. అవిసె నూనె అట్లా ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది. కల్లంలో ఎండిన మిరపకాయ తూకం తగ్గుతుంది గాని, ఎండుతున్న అవిసె నూనె తూకం మొదట్లో కొంత పెరుగుతుంది. చేతికి అంటకుండా ఎండడానికి కొద్ది రోజులో వారాలో పడితే, లోపలి దాకా గట్టిపడడానికి నెలలు పడుతుంది. అందుకే అడుగు పూతల్లో నూనె తక్కువగా, పై పూతల్లో ఎక్కువగా ఉండేటట్టు వేసుకుంటూ రావాలి. ఆ వరుస తప్పితే పైది ముందు ఎండి, కిందిది తర్వాత కదిలి, చెరువు ఎండిన తర్వాత ఒండ్రు నెర్రెలు విచ్చినట్టు బొమ్మ విచ్చుతుంది. ఆ పగులు వేసిన రోజున కనబడదు, కొన్నవారి గోడ మీద కొన్నేండ్లకు కనబడుతుంది. ఈ వృత్తిలో నిజాయితీకి పరీక్ష జరిగేది ఇక్కడే. బస్తా అడుగున ఉన్న కాయ ఇది.

నేను మొదటిసారి వేలం పెట్టినప్పుడు ఈ సంగతేదీ ఆలోచించలేదు. అంతకు ముందు వేరే ఊరిలో ఒక ప్రదర్శనశాలకు బొమ్మలు ఇచ్చాను. అమ్ముడైన రెండింటి ధరలో సగం వారు ఉంచుకున్నారు. అమ్ముడుపోనివి తిరిగి వచ్చినప్పుడు ఒకదాని మీద మేకు గీత ఉంది. సగం తీసుకోవడం తప్పని నేను అనను, అద్దెలు, జీతాలు, ప్రచారం వారికీ ఉంటాయి. కానీ ఆ రెండు బొమ్మలు ఎవరి ఇంటికి వెళ్లాయో అడిగితే చెప్పలేదు. అది నాకు కష్టంగా తోచింది. మనమే పాట పెట్టుకుంటే కొనేవారి ముఖమైనా చూడవచ్చుననుకొని, ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, తెలిసినవారినందరినీ పిలిచి, బొమ్మలకు తెల్లగుడ్డ కప్పి, ఒక్కొక్కటిగా గుడ్డ తీస్తూ ధర చెప్పాను. నేనే పొగిడాను, నేనే పాట పిలిచాను. హాలంతా నిశ్శబ్దం. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చివరికి మా దూరపు చుట్టం ఒకాయన నా ముఖం చూడలేక ఒక ధర చెప్పాడు. జాలితో పాడిన పాటను మించిన అవమానం ఉండదు. ఆ బొమ్మను ఆయనకు ఊరికే ఇచ్చి పంపించాను.

ఆ రాత్రి మా అక్క వాళ్లింట్లో అన్నం తింటున్నప్పుడు మా బావ ఒక మాట అన్నాడు. ఆయన ముప్పై ఏండ్లు మిర్చి వ్యాపారంలో ఉన్న మనిషి. “బామ్మర్దీ, బస్తా మూతి కట్టి మిర్చి ఎవడన్న అమ్మిండా? సరుకు చూపెట్టకుంట గుడ్డ తీసుడు, ధర చెప్పుడు, మళ్ల గుడ్డ కప్పుడు. గట్ల ఎవడు పాడుతడు?” అన్నాడు. నేను, “బావా, అది బొమ్మ, మిరపకాయ కాదు” అన్నాను. “కొనేటోనికి రెండు ఒక్కటే. చెయ్యి పెట్టి చూడనియ్యి” అన్నాడు. నాకు కోపం వచ్చింది గాని నిద్ర పట్టలేదు.

అప్పటి నుండి మా వేలాలన్నింటిలో పాటకు ముందు ఒక పూర్తి రోజు సరుకు చూపించడానికే పెట్టుకున్నాము, పాట పిలిచే పని మా బావకు అప్పగించాము. వేసినవాడు పాట పిలవకూడదని నాకు గట్టి నమ్మకం కుదిరింది, ఎందుకంటే అతని గొంతులో ఆశ వినబడుతుంది, ఆ ఆశ విన్నవారికి మొహమాటం కలుగుతుంది. బొమ్మలను గోడకు కాకుండా బల్లల మీద పరిచి పెడతాము. కొన్నింటిని బోర్లా పెడతాము. బొమ్మ వెనుక భాగం చూడనివారు బొమ్మను సగమే చూసినట్టు. కాన్వాసు నూలుదా నారదా, చట్రం సూటిగా ఉందా మెలి తిరిగిందా, గుడ్డను ఎక్కడైనా అతుకు వేశారా, అన్నీ వెనుకవైపే తెలుస్తాయి. అక్కడే నేను వేసిన సంవత్సరం, కొలతలు, వాడిన రంగుల పేర్లు, తుది వార్నిష్, అంటే బొమ్మ మీద ఆఖరున పూసే పారదర్శకమైన పూత, పూశానో లేదో రాసి అంటిస్తాను.

ఇట్లా చూపించిన మొదటి ఏడాది, ములుగు వైపు నుండి మనుమడితో వచ్చిన ఒక పెద్దమ్మ చపాటా మిరపకాయల బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, “బిడ్డా, ఈ కాయలు ఎన్నేండ్ల దాక ఎర్రగుంటయి?” అని అడిగింది. నన్ను ఏ విమర్శకుడూ అంత సరైన ప్రశ్న అడగలేదు. చపాటా అంటే మీకు తెలుసు, టమాటా లాగా పొట్టిగా లావుగా ఉండి, కారం తక్కువ, రంగు ఎక్కువగా ఉండే మన వరంగల్ కాయ. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని ధరంతా రంగులోనే ఉంది, ఆ రంగు తగ్గకుండా ఉండడానికే రైతు శీతల గిడ్డంగికి అద్దె కడతాడు. ఆ కాయను పండించినామె కాబట్టి బొమ్మలో కూడా ముందు రంగునే అడిగింది.

ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పవలసి వచ్చింది. ఎరుపులన్నీ ఒకటి కావు. కాడ్మియం ఎరుపు వెలుతురుకు బాగా తట్టుకుంటుంది, కాకపోతే ఖరీదెక్కువ. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు పలుచని పూతగా వేసినప్పుడు దానిమ్మ గింజలాగా లోపలి నుండి వెలుగుతుంది, చూడడానికి దాని అందమే వేరు, కానీ వెలుతురులో అది క్రమంగా వెలిసిపోతుంది. ఎంత పలుచగా పూస్తే అంత త్వరగా పోతుంది. ఆ బొమ్మలో కాయల నీడలన్నింటికీ నేను అదే వాడాను. రెండేండ్లు మా ఇంట్లో కిటికీకి ఎదురుగా ఉండడం వల్ల అప్పటికే నీడలు కొంత పలచబడ్డాయి. “కాయలు ఉంటయమ్మా, నీడలు పోతయి” అన్నాను. మరునాడు పాటలో కూడా ఆ సంగతి అందరికీ వినబడేటట్టు చెప్పించాను. మా బావ నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకొని, చెప్పాడు. పక్క బొమ్మకు పలికిన దాంట్లో సగం కంటే తక్కువకే ఆ బొమ్మ ఆగింది. పాడింది ఆ పెద్దమ్మ మనుమడే. ఎండ తగలని గదిలో పెట్టుకున్నామని తర్వాత కబురు వచ్చింది. ఆ రోజు నుండి నేను అలిజరిన్ ట్యూబు కొనలేదు, దాని స్థానంలో నిలకడ గల క్వినాక్రిడోన్ ఎరుపులు వాడుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ పాత మెరుపు వాటితో పూర్తిగా రాదు.

ధర ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకొక చిక్కు. పెద్ద వేలం సంస్థలు ఒక కనీస ధర నిర్ణయించుకొని దాన్ని రహస్యంగా ఉంచుతాయి. పాట అక్కడికి చేరకపోతే వస్తువు అమ్ముడుపోలేదంటారు. నేను రహస్యం పెట్టుకోను. కాన్వాసు, రంగులు, ఫ్రేము ఖర్చు కూడి, పని చేసిన రోజులకు మన ఊరి మేస్త్రీ రోజు కూలి లెక్కన కలిపి, ఆ అంకెను బొమ్మ కిందనే రాసి పెడతాను. సర్కారు వారి పాట అదే. నా చెయ్యి మేస్త్రీ చేతి కంటే గొప్పదో కాదో, గొప్పదైతే ఎంత గొప్పదో నిర్ణయించవలసింది పాడేవారే గాని నేను కాదు. అంతకు తక్కువకు మాత్రం ఇవ్వను, ఎవరూ పాడకపోతే ఇంటికి తీసుకుపోతాను. మన మనుషులనే సభలో కూర్చోబెట్టి ధర పెంచించే దొంగపాట మా దగ్గర ఉండదు. అది ఎక్కడెక్కడ జరుగుతుందో మీకూ తెలుసు.

పాటలో పంతం ఒక ప్రమాదం. ఒకసారి రంజన్ బొమ్మ కోసం ఇద్దరు పెద్దమనుషులు పోటీ పడ్డారు. కాసేపటికి ఇద్దరూ బొమ్మ వైపు చూడడం మానేసి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడసాగారు. అప్పుడు మా బావ పాట ఆపి, అందరికీ చాయ్ ఇప్పించి, పావుగంట తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. ఒకాయన వెనక్కి తగ్గాడు. నాకు వచ్చే డబ్బు తగ్గినా మంచిదే అయింది, ఎందుకంటే కోపంతో కొన్న బొమ్మ గోడెక్కదు, మంచం కిందికి పోతుంది. ఆ అనుభవం తర్వాత ప్రతిసారీ ఒక్క బొమ్మనైనా చీటీల పద్ధతిలో పెడుతున్నాము. ఎవరి ధర వారు రాసి డబ్బాలో వేస్తారు. ఎక్కువ రాసినవారికే బొమ్మ దక్కుతుంది గాని, వారు కట్టవలసింది రెండో పెద్ద చీటీలో ఉన్న ధర. “పెద్ద చీటీ రాసినోడు చిన్న చీటీ పైసలు కట్టుడేంది?” అని మొదట అందరూ నవ్వారు. విలియం వికరీ అనే ఆర్థికవేత్త 1961లో ఈ పద్ధతిని విశ్లేషించి చూపించాడు, 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో కిటుకు ఏమిటంటే, ఎదుటివాడు ఎంత రాస్తాడో అని లెక్కలు వేసుకోవలసిన పని ఉండదు. తనకు ఆ బొమ్మ నిజంగా ఎంత విలువైనదో అంతే రాసుకోవడం అందరికంటే క్షేమం. రేపు సొరకాయ బొమ్మకు ఈ పద్ధతే.

పాట ముగిసి మూడోసారి అన్న తర్వాత మీ సొంతమయ్యేది ఏమిటో కూడా స్పష్టంగా ఉండాలి. బొమ్మ మీది అవుతుంది, దాని కాపీరైటు నాదిగానే ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఇవ్వాలంటే విడిగా రాతపూర్వకంగా ఇవ్వాలి. చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏండ్లు అది కొనసాగుతుంది. మిఠాయి దుకాణం నడిపే ఒకాయన మేడారం బెల్లం బుట్టల బొమ్మ పాడి తీసుకొని, దాన్ని దుకాణం డబ్బాల మీద అచ్చు వేయించుకుంటానని ఎంతో మంచి మనసుతో చెప్పాడు. డబ్బాల మీద వేసుకోవడానికి విడిగా ఒక కాగితం రాసుకొని, ఏడాదికి ఇంత అని మాట్లాడుకున్నాము. ఆయనకు ఇబ్బంది లేదు, నాకూ లేదు. మీ ఇంట్లో పెట్టుకోవడానికి, బహుమతిగా ఇవ్వడానికి, తిరిగి అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే 10,000 రూపాయలకు మించిన ధరకు మూల చిత్రాన్ని తిరిగి అమ్మితే, ఆ ధరలో చిత్రకారుడికి లేదా వారసులకు పది శాతం మించని వాటా అడిగే హక్కు అదే చట్టంలోని 53ఏ సెక్షనులో ఉంది. ఆ వాటా అందుకున్న చిత్రకారుణ్ని నేను ఇంతవరకు కలుసుకోలేదు. చట్టంలో ఉన్నది గనుక చెప్పాను, భయపడవద్దు.

బొమ్మను ఇంటికి తీసుకుపోయే వారికి కొన్ని జాగ్రత్తలు. నేరుగా ఎండ పడే గోడకు గాని, పొయ్యి పైన గాని, దేవుడి దీపం పొగ తగిలే చోట గాని పెట్టకండి. వానాకాలంలో చెమ్మ పట్టే బయటి గోడకు పెట్టవలసి వస్తే వెనుక రెండు చిన్న కార్కు ముక్కలు అంటించి, గాలి ఆడేటట్టు చూడండి. గుడ్డ కొంచెం వదులైతే చట్రం మూలల్లో ఉన్న చిన్న చెక్క చీలలను మెల్లగా తట్టవచ్చు, లేదా నాకు ఫోను చేయండి. దుమ్ము పడితే మెత్తని పొడి కుంచెతో దులపండి. తడిగుడ్డ పెట్టవద్దు. కోసిన ఉల్లిగడ్డతోనో, కొబ్బరి నూనెతోనో రుద్దితే మెరుస్తుందని ఎవరో చెప్పారని ఒక ఇంట్లో నిజంగానే రుద్దారు. దాన్ని బాగు చేయడానికి నాకు నెల పట్టింది, పూర్తిగా బాగు కాలేదు. నిరుడు, ఈ ఏడు వేసిన బొమ్మలకు తుది వార్నిష్ ఇంకా పూయలేదు, లోపలి పూతలు గట్టిపడాలి. ఏడాది తిరిగాక తీసుకురండి, డబ్బు తీసుకోకుండా పూసి ఇస్తాను. ఆ సాకుతోనైనా నా బొమ్మలను మళ్లీ చూసుకోవచ్చునన్నది నా స్వార్థం.

మా అమ్మ వాడిన చెంబును ఎట్లా అమ్ముకుంటున్నావని నన్ను ఒకరు అడిగారు. చెంబు ఇంట్లోనే ఉంది, పొద్దున దాంట్లోనే నీళ్లు తాగి వచ్చాను. అమ్ముతున్నది దాన్ని నేను చూసిన రెండు నెలల కాలాన్ని. ఆ బొమ్మ పోయినసారి ఒక రిటైర్డు టీచరమ్మ ఇంటికి వెళ్లింది. మొన్న ఆమె ఫోను చేసి, సాయంత్రం నాలుగు గంటలకు మాత్రమే చెంబు మెడ దగ్గర ఒక ముఖం కనబడుతున్నది, అది ఎవరిదని అడిగింది. నేను చెప్పలేదు, ఆమె కనుక్కునే దాకా చెప్పను.

పక్క గదిలో బల్లలు సర్ది ఉన్నాయి, రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. చేతులు తుడుచుకొని, బొమ్మను అంచులతో పట్టుకొని, తిప్పి వెనుకవైపు చూడండి, రాసింది చదవండి, అర్థం కానిది అడగండి. మూడో బల్ల మీద తంగేడు పూల బొమ్మ ఉంది. దాని కుడివైపు మూల మొన్న మళ్లీ దిద్దాను, ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోకుండా చూడండి.